ఏ549లో జెఫిటినిబ్ పనిచేయట్లేదంటే మందు పాడైందని కాదు

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. నేలవేము ఆకు ఎక్స్‌ట్రాక్ట్‌ని లంగ్ క్యాన్సర్ మీద టెస్ట్ చేస్తున్నారు, సెల్స్ ఏ549 (ఒక పేషెంట్ గడ్డ నుంచి తీసి ల్యాబుల్లో పెంచుతూ వస్తున్న సెల్ లైన్), తప్పకుండా పనిచేయాల్సిన పాజిటివ్ కంట్రోల్‌గా జెఫిటినిబ్ అనే లంగ్ క్యాన్సర్ మందు పెట్టారు, నార్మల్ లంగ్ సెల్స్ కింద మీ ల్యాబ్‌లో ఎప్పట్నుంచో ఉన్న ఎల్132 వాడుతున్నారు. జెఫిటినిబ్ ఐసీ50, అంటే సెల్స్ సగానికి తగ్గే డోస్, మీకు పది మైక్రోమోలార్ దాటిపోతోంది, పేపర్లలో చూస్తే నానోమోలార్లలో (మైక్రోమోలార్‌లో వెయ్యో వంతు) ఉంది, మందు పాడైందా, డీఎమ్ఎస్ఓ అనే ద్రావకంలో సరిగ్గా కరగలేదా, ఏ549 వదిలేసి వేరే సెల్ లైన్స్ తెప్పించాలా, ఇప్పటిదాకా చేసిన డేటా పనికొస్తుందా అని అడిగారు.

మందు బాగానే ఉండి ఉంటుంది, ఏ549లో జెఫిటినిబ్‌కి అంతే వస్తుంది, ఎవరు చేసినా అంతే వస్తుంది. దానికంటే నన్ను కంగారు పెట్టింది మీరు మామూలుగా రాసేసిన ఎల్132 సంగతి, దాని దగ్గరికి తర్వాత వస్తా, ముందు ఏ549 గురించి చెప్పనివ్వండి, ఎందుకంటే మన దగ్గర లంగ్ క్యాన్సర్ అంటే ఏ549, ఏ549 అంటే లంగ్ క్యాన్సర్ అన్నట్టు అయిపోయింది. గైడ్ దగ్గర అదే ఉంటుంది, పక్క ల్యాబ్‌లో అదే ఉంటుంది, పూణేలో సెల్ లైన్లు ఇచ్చే ఎన్‌సీసీఎస్ నుంచి తేలిగ్గా వస్తుంది, ఏ మీడియాలో వేసినా పెరుగుతుంది, రోజుకి దాదాపు డబుల్ అవుతుంది, కాబట్టి అందరూ దాంతోనే మొదలుపెడతారు. సెల్ లైన్ ఎంచుకోవడానికి ఇవేవీ కారణాలు కాకూడదు.

ఏ549 ఎవరిదంటే, 1972లో అమెరికాలో ఒక 58 ఏళ్ల తెల్లజాతి మగ పేషెంట్ ఊపిరితిత్తి గడ్డ నుంచి డోనాల్డ్ జియార్డ్ వాళ్ల టీమ్ కల్చర్ చేసిన సెల్స్ అవి. అడినోకార్సినోమా. ఆ ఒక్క మనిషి గడ్డలో ఏ మార్పులు ఉన్నాయో అవే ఇవాళ మీ ఫ్లాస్క్‌లో ఉన్నాయి, యాభై ఏళ్ల కల్చర్‌లో ఇంకొన్ని చేరి ఉంటాయి. ముఖ్యమైనవి చెప్తా, రాసుకోండి. సెల్‌ని పెరగమని చెప్పే కేరాస్ జీన్‌లో జీ12ఎస్ మ్యుటేషన్, అదీ నార్మల్ కాపీ మిగలకుండా. గడ్డల్ని అడ్డుకునే జీన్లలో ఎస్‌టీకే11 పోయింది, సీడీకేఎన్2ఏ డిలీట్ అయిపోయింది, కీప్1 మ్యుటేట్ అయింది. పీ53 మాత్రం నార్మల్‌గానే ఉంది, సెల్ పైన ఉండి పెరుగుదల సిగ్నల్ అందుకునే ఈజీఎఫ్ఆర్ కూడా నార్మలే. క్రోమోజోములు 46 కావు, 66 చుట్టూ ఉంటాయి.

ఇప్పుడు జెఫిటినిబ్ ఏం చేస్తుంది, ఈజీఎఫ్ఆర్ కైనేజ్‌ని, అంటే ఆ సిగ్నల్‌ని లోపలికి పంపే ఎంజైమ్ భాగాన్ని, ఆపుతుంది. ఏ549లో ఈజీఎఫ్ఆర్‌కి దిగువన ఉన్న కేరాసే శాశ్వతంగా ఆన్ అయి కూర్చుంది. స్టార్టర్‌ని బైపాస్ చేసి డైరెక్ట్ లైన్ ఇచ్చిన బోరు మోటారు స్టార్టర్ ఆఫ్ బటన్ నొక్కితే ఆగుతుందా, ఇదీ అంతే. మరి పది మైక్రోమోలార్ పైన చనిపోతున్నాయి కదా అంటారేమో, ఆ డోసులో జెఫిటినిబ్ ఇంకా చాలా కైనేజ్‌లకి అంటుకుంటుంది, అది ఈజీఎఫ్ఆర్ ఆగడం వల్ల వచ్చిన చావు కాదు. రోజూ 250 మిల్లీగ్రాముల మాత్ర వేసుకునే పేషెంట్ రక్తంలో మందు సుమారు ఒక మైక్రోమోలార్ లోపే ఉంటుంది, కాబట్టి పదిలో వచ్చిన ఎఫెక్ట్‌ని చూసి జెఫిటినిబ్ పనిచేసిందని రాయకూడదు.

ఈ మందు కథే తీసుకుంటే సెల్ లైన్ ఎంపిక ఎంత ముఖ్యమో బాగా తెలుస్తుంది. జపాన్‌లో 2002లో, అమెరికాలో 2003లో జెఫిటినిబ్‌కి అనుమతి వచ్చింది, కొద్దిమంది పేషెంట్లలో గడ్డ వారాల్లో కరిగిపోయేది, ఎక్కువమందిలో ఏమీ జరిగేది కాదు, ఎందుకో ఎవరికీ అంతుపట్టలేదు. బాగా పనిచేసిన వాళ్లలో ఆడవాళ్లు, సిగరెట్ తాగనివాళ్లు, తూర్పు ఆసియా వాళ్లు ఎక్కువ అని మాత్రం గమనించారు. 2004లో బోస్టన్, న్యూయార్క్ గ్రూపులు ఆ పేషెంట్ల గడ్డల్లో ఈజీఎఫ్ఆర్ జీన్‌ని సీక్వెన్స్ చేస్తే ఎక్సాన్ 19 అనే ముక్కలో చిన్న డిలీషన్, లేదా ఎక్సాన్ 21లో ఎల్858ఆర్ అనే మార్పు దొరికాయి. అంటే ఆ గడ్డలు ఈజీఎఫ్ఆర్ మీదే ఆధారపడి బతుకుతున్నాయి, దాన్ని ఆపితే చస్తాయి. ఏ549 లాంటి లైన్లతో మాత్రమే టెస్ట్ చేసి ఉంటే ఈ మందు పనికిరాదని పక్కన పడేసేవాళ్లు.

కాబట్టి మీకు జెఫిటినిబ్ పాజిటివ్ కంట్రోల్‌గా కావాలంటే ఈజీఎఫ్ఆర్ మ్యుటేషన్ ఉన్న లైన్ కావాలి. పీసీ-9 జపాన్‌లో తయారైన లైన్, ఎక్సాన్ 19 డిలీషన్, 72 గంటల ఎక్స్‌పెరిమెంట్‌లో జెఫిటినిబ్ ఐసీ50 పదుల నానోమోలార్లలోనో అంతకన్నా తక్కువలోనో వస్తుంది, మీరు పేపర్లో చూసింది చాలావరకు ఇదే అయ్యుంటుంది. హెచ్‌సీసీ827 ఇంకొకటి, 39 ఏళ్ల ఒకావిడ గడ్డ నుంచి వచ్చింది, అదే ఎక్సాన్ 19 డిలీషన్, పైగా ఆ జీన్ కాపీలు కూడా పెరిగిపోయి ఉన్నాయి, కొంచెం నిదానంగా పెరుగుతుంది, ఓపిక పట్టాలి. ఎన్‌సీఐ-హెచ్1975 అనేది సిగరెట్ తాగని ఒకావిడది, ఇది చాలా విలువైన లైన్, దీంట్లో ఎల్858ఆర్‌తో పాటు టీ790ఎమ్ అనే ఇంకో మ్యుటేషన్ కూడా ఉంది. జెఫిటినిబ్ వాడిన పేషెంట్లకి ఏడాది అటూ ఇటూగా మందు పనిచేయడం మానేస్తే అందులో సగం మందిలో కనిపించేది ఈ టీ790ఎమ్మే. అందుకే హెచ్1975లో జెఫిటినిబ్ ఫెయిల్ అవుతుంది, ఒసిమెర్టినిబ్ పనిచేస్తుంది, 2015 నవంబర్‌లో అమెరికాలో అనుమతి వచ్చిన ఆ మందుని టీ790ఎమ్‌ని దృష్టిలో పెట్టుకునే డిజైన్ చేశారు. పీసీ-9, హెచ్1975, ఏ549 మూడూ పక్కపక్కన పెట్టి జెఫిటినిబ్ వేస్తే ఒకటి చస్తుంది, రెండు చావవు, చావని రెండిటికీ కారణాలు వేరు. ఆ ఒక్క ప్లేట్ చూస్తే మీ మందు, మీ పద్ధతి రెండూ సరిగ్గా ఉన్నాయో లేదో తేలిపోతుంది, మందు గురించి భయపడాల్సిన పని ఉండదు.

హెచ్1650 కూడా ఎక్సాన్ 19 డిలీషన్ ఉన్నదే కానీ పెరుగుదలని అడ్డుకునే పీటెన్ జీన్ లేదు, జెఫిటినిబ్‌కి సరిగ్గా స్పందించదు, మ్యుటేషన్ ఉంది కదా అని దాన్ని పాజిటివ్ కంట్రోల్‌గా తీసుకోకండి. హెచ్‌సీసీ827 మీద ఇంకో మాట, బోస్టన్ వాళ్లు ఈ సెల్స్‌ని పెరుగుతున్న డోసుల్లో జెఫిటినిబ్‌లో పెంచి రెసిస్టెంట్ చేస్తే వాటిలో మెట్ అనే జీన్ కాపీలు పెరిగాయి, 2007లో అది పబ్లిష్ అయింది, తర్వాత పేషెంట్ల గడ్డల్లో కూడా అదే కనిపించింది. ఫ్లాస్క్‌లో చూసింది మనిషిలో నిజమైన సందర్భం అది, నాకు సెల్ లైన్ల మీద ఇంత నమ్మకం ఉండటానికి అలాంటివే కారణం.

ఈ హెచ్ నంబర్లు ఎక్కడివని చాలామంది అడుగుతుంటారు. ఎన్‌సీఐ-హెచ్ సిరీస్ అంతా ఆది గజ్దర్, జాన్ మిన్నా అనే ఇద్దరు అమెరికాలో నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉండగా తమ టీమ్‌తో కలిసి మొదలుపెట్టిన పని, తర్వాత ఇద్దరూ డల్లాస్ వెళ్లారు, అక్కడ చేసినవి హెచ్‌సీసీ సిరీస్. గజ్దర్ 2018లో పోయారు. అంతకుముందు స్మాల్ సెల్ లంగ్ క్యాన్సర్‌ని (ఏ549 లాంటి నాన్-స్మాల్ సెల్ కాకుండా ఇంకో రకం) కల్చర్‌లో పెంచడం దాదాపు అసాధ్యం అనుకునేవాళ్లు, సీరం వేస్తే పక్కనున్న ఫైబ్రోబ్లాస్ట్‌లు పెరిగి క్యాన్సర్ సెల్స్‌ని మింగేసేవి. వీళ్లు సీరం తీసేసి హైడ్రోకార్టిసోన్, ఇన్సులిన్, ట్రాన్స్‌ఫెరిన్, ఈస్ట్రడయోల్, సెలీనియం కలిపిన మీడియా వాడారు, దాన్ని హైట్స్ అంటారు, దాంతో ఒక్కో పేషెంట్ శాంపిల్ పట్టుకుని ఏళ్ల తరబడి లైన్లు తయారుచేశారు, అడిగిన ల్యాబులకి పంచారు. ఇవాళ మనం వాడే లంగ్ లైన్లలో పెద్ద భాగం ఆ ఓపిక వల్లే ఉన్నాయి.

స్మాల్ సెల్ లైన్ ఎప్పుడైనా చూడకపోతే ఒకసారి హెచ్69 ఫ్లాస్క్ మైక్రోస్కోప్ కింద పెట్టి చూడండి. ఏ549 లాగా అడుగుకి అంటుకుని పరుచుకోవు, మీడియాలో గుత్తులు గుత్తులుగా తేలుతుంటాయి, పెద్ద గుత్తి అయితే మధ్యలో నల్లగా కనిపిస్తుంది, అక్కడ సెల్స్ తిండీ ఆక్సిజన్ అందక చచ్చిపోయి ఉంటాయి. కొత్తగా వచ్చినవాళ్లు అది చూసి కంటామినేషన్ అనుకుని పారబోయబోతారు. వీటికి అంటుకున్న సెల్స్‌ని ఊడదీసే ట్రిప్సిన్ అక్కర్లేదు, మెల్లగా పిపెట్‌తో విడగొట్టాలి, మీడియా మార్చేటప్పుడు సెంట్రిఫ్యూజ్ చేయకుండా సక్ చేశారంటే సెల్స్ అన్నీ వేస్ట్ బాటిల్‌లోకి పోతాయి. బతికున్న సెల్స్‌ని రంగుతో కొలిచే ఎమ్‌టీటీ టెస్ట్ కూడా వీటికి సరిగ్గా కుదరదు, అందులో వచ్చే ఫార్మజాన్ అనే రంగు కరిగించేముందు మీడియా తీసేటప్పుడు సెల్స్ కూడా పోతాయి, ఏటీపీ కొలిచే కిట్ వాడటం మేలు. మీ టాపిక్‌కి ఇది అవసరం లేదు కానీ, టైటిల్‌లో లంగ్ క్యాన్సర్ అని రాసి నాన్-స్మాల్ సెల్ ఒక్కటే చేస్తే వైవాలో మొదటి ప్రశ్న ఇదే వస్తుంది, టైటిల్‌లోనే అడినోకార్సినోమా అని రాసేయండి.

ఇక ఎల్132. మీ ల్యాబ్‌లో ఎవరో సీనియర్ వాడారు, వాళ్ల పేపర్‌లో నార్మల్ లంగ్ ఎపిథీలియల్ సెల్స్ అని రాశారు, మీరూ అదే రాయబోతున్నారు. దయచేసి రాయకండి. ఎల్132ని పిండం ఊపిరితిత్తి నుంచి చేసిన లైన్ అని అప్పట్లో పేరు పెట్టారు గానీ అది హీలా. నార్మలూ కాదు, లంగూ కాదు, 1951లో బాల్టిమోర్‌లో హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి మహిళ గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్ నుంచి, ఆవిడకి చెప్పకుండా, అడగకుండా తీసిన సెల్స్. హీలా ఎంత వేగంగా పెరుగుతుందంటే పక్క కల్చర్‌లో ఒక్క సెల్ పడినా కొన్ని పాసేజ్‌లకి (కొత్త ఫ్లాస్క్‌లోకి మార్చడాలకి) అసలు సెల్స్ మాయమై హీలానే మిగులుతుంది. 1966లోనే స్టాన్లీ గార్ట్‌లర్ ఒక ఎంజైమ్ రకాన్ని చూసి, వేరువేరు అనుకుంటున్న 18 లైన్లు హీలానే అని చెప్పారు, అప్పుడు చాలామంది నమ్మలేదు. చైనాలో లంగ్ అడినోకార్సినోమా అని విరివిగా వాడిన ఎస్‌పీసీ-ఏ-1 కూడా హీలా అని తేలింది. ఇలాంటి లైన్ల జాబితాని ఐసీఎల్‌ఏసీ అనే అంతర్జాతీయ కమిటీ పెడుతుంది, ఉచితంగానే చూడొచ్చు, వయల్ తెప్పించేముందు ఆ జాబితాలో పేరు ఉందేమో చూడటానికి రెండు నిమిషాలు పట్టదు.

మీ ఎక్స్‌పెరిమెంట్‌లో దీని అర్థం ఏంటో చూడండి. నేలవేము క్యాన్సర్ సెల్స్‌ని చంపుతోంది, నార్మల్ సెల్స్‌ని వదిలేస్తోంది అని చూపించడానికి మీరు పెట్టిన నార్మల్, హెచ్‌పీవీ-18 వైరస్ జీన్లతో నడిచే సర్వైకల్ క్యాన్సర్. సెలెక్టివిటీ ఇండెక్స్ (నార్మల్ సెల్స్ ఐసీ50ని క్యాన్సర్ సెల్స్ ఐసీ50తో భాగిస్తే వచ్చేది) మూడొచ్చినా ముప్పై వచ్చినా దానికి విలువ లేదు. ఇందులో మీ తప్పేం లేదు, మీకు అలా అందింది, కానీ ఇప్పుడు తెలిసింది కాబట్టి మీ గైడ్‌కి చెప్పాలి. సార్‌కి ఎలా చెప్పాలని భయమేస్తే, ఎస్‌టీఆర్ రిపోర్ట్ చేయించి కాగితం ముందు పెట్టండి, వాదన ఉండదు.

ఎస్‌టీఆర్ అంటే కోర్టు కేసుల్లో డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింట్ చేస్తారే అదే. డీఎన్‌ఏలో కొన్ని చోట్ల చిన్న ముక్కలు ఎన్నిసార్లు రిపీట్ అయ్యాయో లెక్కపెడతారు, రిపోర్ట్‌లో ఒక చిన్న టేబుల్ వస్తుంది. ఏ549 అయితే టీహెచ్01 అనే చోట 8, 9.3 ఉండాలి, వీడబ్ల్యూఏ దగ్గర 14 ఒక్కటే, డీ5ఎస్818 దగ్గర 11, టీపాక్స్ 8, 11, అమెలోజెనిన్ దగ్గర ఎక్స్, వై రెండూ, ఎందుకంటే మగ మనిషి. హీలా అయితే టీహెచ్01 దగ్గర 7 ఒక్కటే, వీడబ్ల్యూఏ 16, 18, అమెలోజెనిన్ ఎక్స్ ఒక్కటే. మీ ఎల్132 రిపోర్ట్ వచ్చాక ఈ హీలా నంబర్ల పక్కన పెట్టి చూసుకోండి. సెల్లోసారస్ అని స్విట్జర్లాండ్ వాళ్లు నడిపే డేటాబేస్‌లో ప్రతి లైన్‌కీ ఈ నంబర్లు ఉంటాయి, 80 శాతం, ఆపైన మ్యాచ్ అయితే అదే లైన్ అని లెక్క. పాత క్యాన్సర్ లైన్లలో ఒకటీ అరా తేడా రావడం మామూలే. పేరున్న లైన్లు కూడా తారుమారయ్యాయి, జపాన్‌లో ఒక బ్యాంక్‌లో పీసీ-14 పేరుతో ఉన్నది నిజానికి పీసీ-9 అని తేలింది, అది తెలియక పీసీ-14 అని రాసిన పాత పేపర్లు చాలా ఉన్నాయి.

మరి నార్మల్‌గా ఏది పెట్టాలి అంటే, తేలికైన జవాబు లేదు. అందరూ బీయాస్-2బీ చెప్తారు, అది నార్మల్ బ్రాంకియల్ ఎపిథీలియల్ సెల్స్‌ని ఎడినోవైరస్ 12-ఎస్‌వీ40 హైబ్రిడ్ వైరస్‌తో ఇమ్మోర్టలైజ్ చేసింది, ఎస్‌వీ40 ప్రోటీన్ గడ్డల్ని అడ్డుకునే పీ53నీ ఆర్‌బీనీ పట్టేస్తుంది కాబట్టి పూర్తి నార్మల్ అనలేం, అయినా హీలా కన్నా వెయ్యి రెట్లు నయం. దాన్ని సీరం లేని మీడియాలో, కోటింగ్ వేసిన ఫ్లాస్క్‌లో పెంచాలి, పది శాతం ఎఫ్‌బీఎస్ (దూడ సీరం) పోస్తే స్క్వామస్, అంటే పొలుసు లాంటి సెల్స్ వైపు మారిపోతుంది, మన ల్యాబుల్లో ఖర్చుకి భయపడి డీఎమ్‌ఈఎమ్‌లో సీరం వేసి పెంచేస్తుంటారు. ఎమ్‌ఆర్‌సీ-5, డబ్ల్యూఐ-38 నిజంగా నార్మలే కానీ అవి ఫైబ్రోబ్లాస్ట్‌లు, ఏ549 పుట్టిన సెల్ రకం కాదు. ఏది వాడినా దాని పరిమితి డిస్కషన్‌లో ఒక వాక్యం రాయండి, రివ్యూయర్ గౌరవిస్తాడు.

మీ ఎక్స్‌ట్రాక్ట్ సంగతి. ఏ549లో కీప్1 మ్యుటేషన్ ఉందని పైన చెప్పాను, అది ఇక్కడ మీకు నేరుగా తగులుతుంది. కీప్1 చెడిపోతే ఎన్‌ఆర్‌ఎఫ్2 అనే రక్షణ ప్రోటీన్ ఎప్పుడూ ఆన్‌లో ఉంటుంది, విషాల్ని పట్టేసే గ్లూటథయోన్ ఎక్కువగా తయారవుతుంది, మందుల్ని విషాల్ని విడగొట్టే ఎంజైములు నిండుగా ఉంటాయి. నేలవేములో ముఖ్యమైన ఆండ్రోగ్రఫోలైడ్ గ్లూటథయోన్ లాంటి సల్ఫర్ ఉన్న థయోల్స్‌తో అంటుకునే రకం మాలిక్యూల్, గ్లూటథయోన్ దాన్ని పట్టేసుకుంటుంది. కాబట్టి ఏ549లో మీ ఎఫెక్ట్ తక్కువ వస్తే ఎక్స్‌ట్రాక్ట్ బలహీనం అని కంగారు పడకండి, కీప్1 నార్మల్‌గా ఉన్న ఇంకో లైన్‌లో కూడా చూడండి. హెచ్460 తీసుకోవద్దు, దాంట్లో కూడా కీప్1 మ్యుటేటెడే. అపోప్టోసిస్ (సెల్ తనంతట తాను చావడం) పీ53 ద్వారా జరిగిందని రాయాలంటే పీ53 అసలే లేని హెచ్1299లో కూడా అదే డోస్ వేసి చూడాలి, అక్కడా అంతే చస్తే పీ53 కథ మానుకోవాలి.

ఎమ్‌టీటీతో ఇంకో పెద్ద చిక్కు ఉంది. ఆకు ఎక్స్‌ట్రాక్ట్‌లో ఉండే పాలీఫినాల్స్ సెల్స్ లేకపోయినా ఎమ్‌టీటీని ఊదారంగుకి మార్చేస్తాయి, ఆకుపచ్చ రంగు కూడా రీడింగ్‌లో కలుస్తుంది. సెల్స్ లేని వెల్స్‌లో మీ అన్ని డోసులూ వేసి ఎమ్‌టీటీ పెట్టండి. ఆ వెల్స్ రంగు తిరిగాయంటే ఎమ్‌టీటీ కలిపేముందు ఎక్స్‌ట్రాక్ట్ ఉన్న మీడియా తీసేసి పీబీఎస్ అనే ఉప్పు ద్రావణంతో కడగాలి, ఇంకా నమ్మకం కావాలంటే చచ్చిన సెల్స్‌కే పట్టే ట్రిపాన్ బ్లూ రంగుతో కౌంట్ చేసి పోల్చండి. డీఎమ్ఎస్ఓ అన్ని వెల్స్‌లో సమానంగా, 0.1 శాతం దగ్గర ఉంచండి, పై డోసు వెల్‌లో మాత్రమే ఒక శాతం ఉంటే చంపింది ఎక్స్‌ట్రాక్టో డీఎమ్ఎస్ఓనో ఎవరికీ తెలియదు. మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియా కోసం పీసీఆర్ కూడా చేయించండి, అది మైక్రోస్కోప్‌లో కనపడదు, మీడియా మసకబారదు, సెల్ వాల్ లేదు కాబట్టి పెన్సిలిన్‌కి చావదు, అది ఉంటే ఎమ్‌టీటీ రీడింగులు నమ్మలేం.

కొత్త లైన్లు ఎక్కడి నుంచి తెప్పించాలంటే, ముందు ఎన్‌సీసీఎస్ రిపాజిటరీ లిస్ట్ చూడండి, దేశంలో అందరికీ ఇచ్చేది అదే, ఖర్చు కూడా మనం భరించగలిగేంతే. అక్కడ మీకు కావాల్సింది లేకపోతే ఈజీఎఫ్ఆర్ మీద పనిచేసే గ్రూప్ ఏదైనా ఉంటే మీ గైడ్ చేత మెయిల్ పెట్టించి అడగండి, కానీ పక్క ల్యాబ్ నుంచి ట్యూబ్‌లో తెచ్చుకున్నది ఏదైనా ఎస్‌టీఆర్, మైకోప్లాస్మా రెండూ అయ్యేదాకా మీ ఇన్‌క్యుబేటర్‌లో మిగతా వాటితో కలపకండి. వచ్చిన వెంటనే తక్కువ పాసేజ్‌లో పది వయల్స్ ఫ్రీజ్ చేసి పెట్టుకోండి. మెథడ్స్‌లో లైన్ పేరుతో పాటు సెల్లోసారస్ నంబర్ రాయండి, ఏ549కి సీవీసీఎల్_0023.

చివరి ప్రశ్న, ఇప్పటిదాకా చేసిన డేటా. ఏ549 జెఫిటినిబ్ డేటా పారేయొద్దు, పీసీ-9 తెచ్చాక అదే మీ నెగటివ్ కంట్రోల్ అవుతుంది, ఈజీఎఫ్ఆర్ మ్యుటేషన్ లేని, కేరాస్ మ్యుటేషన్ ఉన్న లైన్‌లో మందు పనిచేయదని చూపించే కర్వ్ అది, మళ్లీ చేయాల్సిన పని లేదు. ఎక్స్‌ట్రాక్ట్ డేటాకి సెల్స్ లేని కంట్రోల్ ఒక్కసారి చేసి చూడండి, రీడింగ్ తేడా లేకపోతే అదీ ఉంచుకోవచ్చు. ఎల్132 గ్రాఫులు మాత్రం థీసిస్‌లోంచి తీసేయాలి, ఎస్‌టీఆర్ వచ్చేదాకా కూడా ఆగక్కర్లేదు. బీయాస్-2బీ మీడియా, కోటింగ్ ఎలా చేయాలో సందేహం ఉంటే అడగండి, కోటింగ్‌లో ఫైబ్రోనెక్టిన్, కొల్లాజెన్, బీఎస్‌ఏ మూడూ పడతాయి, వివరంగా రాస్తాను.